దాలయ్య లోపలికి వచ్చాడు

మొదటి రోజు

సర్వర్ తన లాగ్ తానే రాసుకుంటుంది. ఎవరు ఎన్ని గంటలకు లోపలికి వచ్చారు, ఏ గేటు ఎన్ని అడుగులు లేచింది, అంతా సెకన్లతో సహా. అందులో ఏం జరిగిందో ఉంటుంది. ఎందుకు జరిగిందో ఉండదు. ఆ ఎందుకు మాత్రం మనిషే రాయాలని మా గట్టు రూలు. పంతొమ్మిదేళ్లుగా ఒక రోజు నేను, ఒక రోజు నా తమ్ముడు దాలయ్య రాస్తున్నాం. ఇవాళ వాడి వంతు. నూకరత్నమనే నేను రాస్తున్నాను, ఎందుకంటే పొద్దున వాణ్ణి చంపేశారు.

ఆటుకి నీళ్లు వెనక్కి తీశాక నాలుగో గేటు బయట బురదలో దొరికాడు. గొంతు మీద ఒకే వేటు. ఎడమ చెయ్యి మోచేతి నుంచి కిందికి లేదు. అక్కడ ఒక వేటు కాదు, నాలుగైదు పడ్డాయి. ఎముక చితికిపోయి ఉంది. నరికినవాడు చేతకానివాడైనా అయ్యుండాలి, మావాడు పెనుగులాడైనా ఉండాలి. పెనుగులాడే ఉంటాడు. చిన్నప్పుడు పుల్లైసు లాక్కుంటేనే చెయ్యి కొరికేసేవాడు, వెధవ.

చెయ్యి ఎందుకు కావాలో గట్టు మీద పసిపిల్లని అడిగినా చెబుతుంది. మా ఊరు సముద్రం కంటే మూడు నిలువుల కిందుంది. చుట్టూ గట్టు, గట్టుకి తొమ్మిది గేట్లు. ఆ గేట్లు తీసే, మూసే సర్వర్ మా దగ్గర లేదు. ఎక్కడో ఉత్తరాన, మంచుకొండల కింద మబ్బుశాలలో ఉంటుంది. అద్దెకి తీసుకున్నాం, ఎవరమూ కళ్లారా చూడలేదు. దాన్లోకి వెళ్లాలంటే గింజ కావాలి. బియ్యపుగింజంత ఉంటుంది, ఎడమ ముంజేతిలో తోలు కింద పెడతారు. స్క్రీన్ ముందు చెయ్యి పెడితే సర్వర్ గుర్తుపట్టి లోపలికి రానిస్తుంది. ఒకటి నా చేతిలో ఉంది. రెండోది దాలయ్య చేతిలో ఉండేది. మనిషి చచ్చినా గింజ చావదు.

నరికింది బార్జీవాళ్లే, గట్టు బయట బార్జీల్లోనే కాపురాలు చేసేవాళ్లు. నాలుగు రోజుల కిందట వాళ్ల పెద్ద కొర్లయ్య వచ్చాడు. తుఫాను వస్తోందట, వాళ్ల పద్నాలుగు బార్జీలనీ పెళ్లాంపిల్లలతో సహా గట్టు లోపలికి రానివ్వమన్నాడు. తొట్టిలో మంచినీళ్లు మనకే చాలవని సభ వద్దంది. వద్దని ఎత్తిన చేతుల్లో నాదీ ఉంది. ఆ మాట బార్జీల దాకా మోసుకెళ్లింది దాలయ్య.

రెండో రోజు

సర్వర్ తెరిచి గింజల జాబితా ముందు కూర్చున్నాను. రెండే లైన్లు. నూకరత్నం, దాలయ్య. రెండో లైను చెరిపేస్తే ఆ చెయ్యి కుక్కలకి వెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అర నిమిషం పని.

కానీ గట్టు ఆచారం ఒకటుంది. పోయినవాళ్ల గింజ పదకొండో రోజు దాకా జాబితాలోంచి తియ్యకూడదు. పదిరోజులూ మనిషి పూర్తిగా పోడని, తాను కాపలా కాసిన చోటికి ఒకసారి వచ్చి చూసుకుని వెళ్తాడని మావాళ్ల నమ్మకం. అప్పుడు తలుపు మూసేసి ఉంటే వాకిట్లో నిలబెట్టినట్టే. పదకొండో రోజున ఇంటివాళ్లు పేరు పలకాలి, నేను లైను చెరపాలి. మా నాన్నకి అలాగే చేశాను.

గట్టుపెద్ద సూరప్పడు గది గుమ్మంలోనే నిలబడ్డాడు, నా మీద నమ్మకం లేక.

"రత్తమ్మా, ఆ లైను ముట్టుకోకు. ఊరికి అరిష్టం."

"ఊరు మునిగిపోతే అరిష్టం కాదేటి, చిన్నాన్నా?"

"ఎలా మునుగుద్ది? కంచె ఉంది కదా?"

అది నిజమే. సర్వర్ చుట్టూ నేనే కంచె వేశాను. గట్టు మీది తీగల్లోంచి వచ్చిన మాట తప్ప సర్వర్ వినదు. కొర్లయ్య బార్జీలో కూర్చుని ఆ చేతిని ఎంత ఊపినా తలుపు తెరుచుకోదు. అందుకని సరేనన్నాను. సూరప్పడికి భయపడి సరేనన్నానని అందరూ అనుకున్నారు. కాదు. వాడి పేరు చెరపడానికి నాకే చెయ్యి రాలేదు. అంతే.

నాలుగో రోజు

గట్టు చివర తీగలన్నీ కలిసే గది ఒకటుంది. పట్టపగలు పదకొండింటికి, అందరూ అన్నాలకి కూర్చున్నప్పుడు బార్జీవాళ్లు దాని మీద పడ్డారు. ముప్ఫైమంది దాకా ఉన్నారు. బల్లేలు, గండ్రగొడ్డళ్లు, చేపల్ని కొట్టే ఇనుప గదలు. కాపలాకున్న ఐదుగురినీ గోడకి నిలబెట్టి బల్లేలతో గుచ్చేశారు. కేకలు విని పరిగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. గునపం దొరికితే పట్టుకున్నాను.

నలభై ఆరేళ్ల ఆడదాన్ని, మోకాళ్ల నొప్పులు, జీవితమంతా స్క్రీన్ ముందు కూర్చున్నదాన్ని. ఒకడు నా మీదికి దూకాడు. ఎర్రచొక్కా, ముక్కుకి పోగు. గునపం వాడి పక్కటెముకల్లోంచి దిగింది. దిగడం సులువే. తియ్యడమే కష్టం. వాడు గునపం రెండు చేతులా పట్టుకుని, అమ్మా అమ్మా అంటూ నా కళ్లలోకి చూస్తూ కూలబడ్డాడు. నేను వాడి పొట్ట మీద కాలు పెట్టి లాగాను.

గది మాత్రం పోయింది. తొమ్మిది మంది మావాళ్లు, ఆరుగురు వాళ్లు చచ్చారు. ఇప్పుడు కొర్లయ్య ఆ గదిలో తలుపులేసుకుని ఉన్నాడు. లోపలికి వెళ్లేది ఒకే ఒక్క సన్నదారి, ఎదురుగా బల్లేల తుపాకి. ఎవడు వెళ్లినా చేప గుచ్చినట్టు గుచ్చుతున్నారు. ఆ గదిలోంచి వచ్చే మాటని కంచె ఆపదని తెలిసీ ఆ లైను ఇంకా చెరపలేదు నేను.

తీగలు కోసేద్దామన్నాడొక తెలివైనవాడు. తీగ తెగితే గేటు తనంతట తానే తెరుచుకుంటుందిరా నాయనా అని అరిచాను. లోపల వరదొస్తే బయటికి పోవాలని కట్టినవాళ్లు అలా కట్టారు. అప్పటికి సముద్రం ఇంత ఎత్తు లేదు.

ఐదో రోజు

10:14కి సర్వర్ ఇలా రాసింది: దాలయ్య లోపలికి వచ్చాడు.

సర్వర్ లాగ్ అంతా అన్నశాలలో పెద్ద స్క్రీన్ మీద కూడా కనిపిస్తుంది, అందరూ చూడొచ్చని. అక్కడ మూడొందలమంది గంజి తాగుతున్నారు. ఒక్కసారిగా గుండెలు బాదుకునే ఏడుపు లేచింది, దుఃఖంతో కాదు, సంతోషంతో. దాలయ్య పెళ్లాం పైడితల్లి, నా మరదలు, కంచం వదిలేసి స్క్రీన్ దగ్గరికి పరిగెత్తి ఆ లైనుకి చెంప ఆనించి నిలబడింది.

"వొచ్చేడు, వొదినా! సూసేవా? నాను సెప్పేను కదా, ఒకపాలైనా వొస్తాడని!"

"పైడీ, ఆడు కాదే. ఆడి చెయ్యి. కొర్లయ్యగాడు గదిలో కూర్చుని ఆడి చెయ్యి పెడతన్నాడు."

"నోర్ముయ్యి! తమ్ముడు ఇంటికొస్తే చెయ్యంతావేటి?"

నా గది దాకా పరిగెత్తి, స్క్రీన్ ముందు కూర్చున్నాను. అర నిమిషం పని కదా. ఇక్కడ నిజం రాయాలి, ఈ లాగ్ ఉన్నదే అందుకు. నేను మూడు నిమిషాలు ఊరికే కూర్చున్నాను. ఆ లైను చూస్తూ. వాడే అయితే బాగుండునని, ఒకవేళ వాడేనేమోనని, కట్టెల మీద పెట్టి నేను దగ్గరుండి కాల్పించిన తమ్ముడు వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటాడేమోనని. ఇంత చదువు, ఇన్నేళ్ల పని, ఏం లాభం?

10:19. నూకరత్నం గింజ తొలగించబడింది. తొలగించినవారు: దాలయ్య.

చెయ్యి స్క్రీన్ మీద పెట్టి చూశాను. మళ్లీ పెట్టాను. గోరుతో గింజని నొక్కి నొక్కి, రక్తం వచ్చేదాకా పెట్టాను. పంతొమ్మిదేళ్లు నేను కాసిన సర్వర్ నన్ను ఎవరు నువ్వని అడిగింది. కంచె వేసింది నేను, చేను మేస్తున్నది వాళ్లు.

ఆరో రోజు

13:02కి నాలుగో గేటు తెరుచుకుంది. 13:11కి మూసుకుంది. తొమ్మిది నిమిషాలు.

పోటు ఇంకా పూర్తిగా లేదు, అయినా మనిషి ఎత్తున నీళ్లు గోడలా వచ్చి దిగువవీధి మీద పడ్డాయి. పదకొండుమంది పోయారు. సూరమ్మత్తని ఆమె మంచమే గోడకేసి కొట్టింది. ఇద్దరు పిల్లలు కిటికీ ఊచలకి చుట్టుకుపోయి దొరికారు, వేళ్లు ఒక్కొక్కటీ విడదియ్యాల్సి వచ్చింది. సర్వర్ మాట కాదని గేటు మూయాలంటే చేతిచక్రం తిప్పాలి. ఒక చక్రానికి పదహారుమంది కావాలి. ముందు నిలబడ్డవాడి చెయ్యి పళ్లచక్రాల మధ్య పడింది. ఆపితే నీళ్లు ఆగవు, అందుకని ఆపలేదు. వాడే ఆపొద్దు తిప్పండిరా అని అరిచాడు. భుజం దాకా పోయాక అరుపు ఆగింది.

ఇది కొర్లయ్య చేసుకున్న పరీక్ష. బార్జీలు లోతుగా మునిగి నడుస్తాయి, గేటు గడప దాటాలంటే నిండుపోటు కావాలి. అది తొమ్మిదో రోజు, పున్నమి, పొద్దున తొమ్మిదిన్నరకి. ఆ పూట తొమ్మిది గేట్లూ ఒకేసారి తీసి, తుఫాను గాలి వెనకేసుకుని లోపలికి వచ్చేస్తారు. మాకున్నవి తొమ్మిది చక్రాలు. తిప్పగల బలమున్నవాళ్లు మూడు చక్రాలకి మించి లేరు.

మావాళ్లేం చేస్తున్నారంటే, వంట. దాలయ్యకి కోపం వచ్చిందట. సరిగ్గా పెట్టలేదట, అందుకే గేటు తీశాడట. పచ్చిరొయ్యల ఇగురు, వాడికిష్టమైన పెసరపునుగులు, ఆకుల్లో పెట్టి గట్టు పొడవునా వరసగా ఉంచారు. పదకొండు శవాలు అన్నశాలలో ఉండగా. ఒక ఆకుని కాలితో తన్నాను. సూరప్పడు నా చెంప మీద కొట్టాడు. నేను తిరిగి కొట్టాను. పెద్దాయన కింద పడ్డాడు, పన్ను ఊడింది. తప్పే.

ఏడో రోజు

దారి ఒకటుంది. సర్వర్‌లోకి వెళ్లలేను గానీ, సర్వర్‌ని అద్దెకి తీసుకున్న ఖాతా మాదే. ఆ ఖాతాలో నెలనెలా నేను తీసి దాచిన నకళ్లు ఉన్నాయి. అంటే ఆ రోజుకి సర్వర్ ఎలా ఉందో అలాగే, జాబితాతో, కంచెతో సహా. పోయిన నెల నకలు నుంచి కొత్త సర్వర్ లేపొచ్చు. గేట్లు ఏ సర్వర్ మాట వినాలో చెప్పే పేర్ల పట్టిక కూడా ఖాతాలోనే ఉంది. ఆ పట్టిక మార్చితే గేట్లు కొత్తదాని మాట వింటాయి. పాతది కట్టేసిన కుక్కలా ఎంత మొరిగినా ఒకటే.

కానీ ఖాతా తెరవాలంటే రెండు గొంతులు కావాలి. ఒకటి నాది. రెండోది దాలయ్యది, వాడు లేకపోతే వాడి వారసురాలిది. పైడితల్లిది.

వెళ్లి చెప్పాను. కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది, వాడికి ఇవాళ్టి ఆకులోకి.

"కొత్తది లేపి ఆడి పేరు చెరిపేత్తావు. అంతేనా?"

"అంతే."

"పదకొండు రోజులు కూడా ఆగలేవా, వొదినా? ఒక్క తమ్ముడు. ఆడొచ్చి తలుపు కొడతంటే మొహం మీద ఏసీమంతావా?"

"ఆడు పదకొండుమందిని ముంచేసేడంటే నువ్వు నమ్ముతావేటే, మొద్దుదానా?"

చేపలు కోసే చాకు తీసి విసురుగా నా మీదికి వచ్చింది. అడ్డం పెట్టిన చేతి మీద పడింది మొదటిది, భుజం మీద రెండోది. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాను. అదీ నేనూ చేపల పొలుసుల్లో, నెత్తుట్లో దొర్లాం. చివరికి దాని మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి అదిమాను. తరవాత జేబులోంచి అన్నశాల స్క్రీన్ చూసి రాసుకున్న కాగితం తీసి చదివాను. నిన్నటి సర్వర్ లాగ్.

"13:01, దాలయ్య లోపలికి వచ్చాడు. 13:02, దాలయ్య నాలుగో గేటు తెరిచాడు."

"అయితే?"

"ఆ రెండిటి మధ్య ఏటుంది?"

"ఏటీ నేదు."

"ఏటీ లేదు. అదే చెబుతున్నాను."

కింద పడున్న మనిషి కదలడం ఆపింది. పుట్టింది మొదలు సముద్రం మీద చేపలవేటతో బతికినవాళ్ల పిల్ల. పద్నాలుగేళ్లు వాడికి అన్నం క్యారేజీ మోసుకొచ్చి, నా పక్కనే నిలబడి వాడు పని చెయ్యడం చూసింది.

"ఆటుపోటు పట్టిక సూడనేదు," అంది.

"లేదు."

"ఆటుపోటు సూడకుండా ఆడు గేటు ముట్టుకోడు. సచ్చినా ముట్టుకోడు. ఆడు కాదు, వొదినా. ఆడు రానేదు."

అప్పుడు ఏడ్చింది, వాడు పోయాక ఏడో రోజున మొదటిసారి. నేనూ ఏడ్చాను. దాని మీంచి లేవడం కూడా మర్చిపోయాను.

ఎనిమిదో రోజు

పొద్దున ఖాతా తెరిచాం. నా గొంతు, దాని గొంతు. దాలయ్య వారసురాలిని అనడానికి మూడుసార్లు పట్టింది దానికి.

కొత్త సర్వర్ లేపడం వంటంత పని కూడా కాదు. ఎంత పెద్దది కావాలని అడుగుతుంది, పాతదానంతే అన్నాను. ఏ మబ్బుశాలలో అంటే, పాతదానికి దూరంగా దక్షిణాన ఉన్నదాన్ని ఎంచాను. దేని నుంచి అంటే పోయిన నెల నకలు. ఆరు నిమిషాల్లో లేచింది. లేవగానే చెయ్యి పెట్టాను. నూకరత్నం లోపలికి వచ్చింది అని రాసింది. సిగ్గులేకుండా స్క్రీన్‌ని ముద్దు పెట్టుకున్నాను.

తరవాత కంచె. తీగల గది నుంచి వచ్చే ఏ మాటా వినొద్దని రాశాను. తరవాత జాబితా. రెండు లైన్లు. పైడితల్లి "దాలయ్య" అంది, గట్టిగా, పదకొండో రోజు అన్నట్టే. నేను చెరిపాను. ఆచారం మూడు రోజులు ముందే తప్పాం. సర్వర్‌కి రెండు గింజలుండాలని గట్టు రూలు కనుక రెండోది పైడి చేతిలో పెట్టాను. మత్తుమందు లేదు. చాకు నిప్పుల్లో కాల్చి కోశాను, అది గుడ్డ కరుచుకుని కూర్చుంది. నిన్న నన్ను పొడిచిన చాకే.

మధ్యాహ్నానికి అసలు గేట్లు తొమ్మిదీ కొత్త సర్వర్ మాట వినడం మొదలుపెట్టాయి. అన్నశాల స్క్రీన్ మీద కూడా ఇప్పుడు కొత్తదాని లాగే.

"ఇంక పాతదాన్ని ఆపీ, వొదినా. బేగి. ఆడి పేరుతో అందులో ఇంకెవడూ ఊపిరి తియ్యకూడదు."

"ఆపితే కొర్లయ్యకి తెలిసిపోతుంది. గది వదిలి గట్టు మీద పడతాడు. రేపు ఆపుతాను."

అది నమ్మింది. సూరప్పడూ నమ్మాడు, పళ్ల సందు చూపిస్తూ తలూపాడు.

పాతదానికి ఒక పని చేశాను. పని నేర్చుకునేవాళ్ల కోసం మా దగ్గర బొమ్మగేట్లు ఉంటాయి. నిజం గేట్లు కావు. తెరువు అంటే తెరిచాను అంటాయి, మూయి అంటే మూశాను అంటాయి, అంతే. పొద్దున తెరిచిన ఖాతాలోంచే ఆ తొమ్మిది బొమ్మగేట్లనీ పాత సర్వర్‌కి తగిలించాను.

తొమ్మిదో రోజు

ఆకాశం తారుడబ్బాలా ఉంది. వానకి పది బారల అవతల మనిషి కనపడడు. 9:31కి పాత సర్వర్ రాసింది: దాలయ్య లోపలికి వచ్చాడు. దాలయ్య ఒకటో గేటు తెరిచాడు. దాలయ్య రెండో గేటు తెరిచాడు. అలా తొమ్మిది దాకా. ప్రతిదానికీ బొమ్మగేటు బుద్ధిగా తెరిచాను అంది.

తీగల గది మీంచి బూర ఊదారు. దూరంగా, సముద్రం మీంచి, పద్నాలుగు బూరలు జవాబిచ్చాయి.

గాలి వెనకుంటే బార్జీ ఆగదు. మొదటిది మూసి ఉన్న ఐదో గేటుకి తగిలినప్పుడు నా కాళ్ల కింద గట్టు కదిలింది. దాన్ని వెనకది గుద్దింది, దాన్ని ఆ వెనకది. ఇనుము చిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు మధ్యలో మనుషులు. గట్టు మీద నుంచి చూశాను. ఒక బార్జీ నిలువునా లేచి పక్కదాని మీద పడింది, మధ్యలో ఈదుతున్నవాళ్లు మళ్లీ కనపడలేదు. ఒక ఆడమనిషి గేటు ఊచలు పట్టుకుని పైకి ఎక్కుతోంది, వీపుకి పాప. అలకి వెనక బార్జీ వచ్చి గేటుకి ఆనుకుంది. నెమ్మదిగానే ఆనుకుంది. మావాళ్లు కొందరు తాళ్లు వేశారు, కొందరు రాళ్లు వేశారు. పక్కపక్కనే నిలబడి.

గదిలోవాళ్లు ఆ అరుపులు విని తలుపు తీసుకుని బయటికి పరిగెత్తుకొచ్చారు. ఆయుధాలు కూడా మర్చిపోయారు. సన్నదారిలో మావాళ్లు గొడ్డళ్లతో కాచుకుని ఉన్నారు. దాన్ని పోరాటం అనలేం. కూరగాయలు తరిగినట్టు తరిగారు.

కొర్లయ్యని మాత్రం బతికుండగా నా ముందు పడేశారు. చంకలో ఉప్పుసంచి. పైడితల్లి సంచి లాక్కుని విప్పింది. చెయ్యి నల్లబడి, ఎండిపోయి ఉంది. మణికట్టుకి నేను రాఖీ రోజున కట్టి విప్పొద్దన్న దారం అలాగే ఉంది. పైడి దాన్ని చీరకొంగులో చుట్టుకుని, బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

కొర్లయ్య సముద్రం వైపే చూస్తున్నాడు.

"స్క్రీన్ మీద తెరుసుకుందని ఉంది," అన్నాడు. "తొమ్మిదీ తెరుసుకున్నాయని ఉంది. నాను సూసే ఊదమన్నాను." తరవాత నా కేసి తిరిగాడు. "నా ఇద్దరు పిల్లలూ మూడో బార్జీలో ఉన్నారు. మూయాలంటే మూసీవోల్లు కదా, రత్తమ్మా. తెరుసుకుందని ఎందుకు సెప్పేవు?"

గునపం నా చేతిలోనే ఉంది. జవాబు చెప్పాల్సిన పని లేకుండా చేసుకున్నాను.

పదకొండో రోజు

తుఫాను దాటిపోయింది. పెద్దకర్మ అయింది. చెయ్యి కూడా కాల్చాం. బార్జీవాళ్లలో నలభైముగ్గురు బతికారు, అన్నశాలలో ఉన్నారు, మన తొట్టి నీళ్లే తాగుతున్నారు. చాలవనుకున్న నీళ్లు చాలుతున్నాయి. గేట్ల కింద నుంచి తీసిన శవాలు ఇప్పటికి నూట డెబ్భై ఒకటి. ఇంకా తీస్తున్నారు.

పాత సర్వర్ ఈ పొద్దున ఆపాం. రెండు గొంతులు, ఒక్క మాట, అర నిమిషం. ఆపే ముందు దాని లాగ్ తీసి ఈ లాగ్‌కి జత చేశాను. ఎందుకు అన్నచోట నేను రాయాలి.

గట్టు కోసం అని రాశాను. రాసి కొట్టేశాను.

గట్టుకి ఎనిమిదో రోజు మధ్యాహ్నానికే ముప్పు తప్పింది. అసలు గేట్లు మా చేతికి వచ్చేశాయి. పాతదాన్ని అప్పుడే ఆపేసి ఉంటే కొర్లయ్యకి స్క్రీన్ నల్లబడేది, బూర ఊదేవాడు కాదు, బార్జీలు దూరంగానే ఉండేవి. గది వదిలి మా మీద పడతాడన్నది వంక. ముప్ఫైమంది కూడా లేనివాళ్లు ఆ సన్నదారిలో ఏం పడతారు? ఆపడానికి అర నిమిషం. బొమ్మగేట్లు తగిలించడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా నా చెయ్యి ఆగలేదు. తమ్ముడి పేరు చెరపడానికి రాని చెయ్యి.

ఎందుకు: వాళ్లు నా తమ్ముణ్ణి చంపారు కాబట్టి.

ఇది పైడితల్లికి చదివి వినిపించాను. కుర్చీలోంచి నన్ను లెమ్మంది. లేచాను.

16:40. పైడితల్లి లోపలికి వచ్చింది.
16:41. నూకరత్నం గింజ తొలగించబడింది. తొలగించినవారు: పైడితల్లి.

ఎందుకు: నాను పైడితల్లిని రాత్తన్నాను. ఎనిమిదో రోజున వొదిన ఖాతాలో ఏటేటి సేసిందో అంతా సదివేను. బొమ్మగేట్లు తగిలించే ముందు ఆటుపోటు పట్టిక తెరిసింది. నిండుపోటు ఎన్నింటికో సూసింది. ఆ తరవాతే సెయ్యి ఏసింది. మా ఆయన కూడా అలాగే సూసీవోడు, ఎవులూ మునగకూడదని.